పాము మింగినప్పుడల్లా ఒక పెగ్గు!

ఈ వారం ఒక యువకుడి ఉత్తరాన్ని దాదాపు పూర్తిగా ఇస్తున్నాను. పేరూ, ఊరూ తీసేశాను. పిల్లల్ని పైచదువులకు పట్నం పంపిన ప్రతి ఇంటివారూ, పంపబోయే ప్రతి ఇంటివారూ చదవవలసిన ఉత్తరం ఇది.

"డాక్టరుగారికి నమస్కారములు. నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. పరీక్షలు అయిపోయిన రోజు రాత్రి మేము ఐదుగురం స్నేహితులం గదిలో కూర్చుని వైకుంఠపాళి ఆడాం. పాము మింగితే ఒక పెగ్గు తాగాలి. నిచ్చెన ఎక్కినవాడు తనకు ఇష్టం వచ్చినవాడి చేత ఒక పెగ్గు తాగించవచ్చు. ఇదీ మా నియమం. మాలో ఒకడు బక్కపలచని మనిషి. అంతకు ముందు రెండుమూడు సార్లు బీరు తాగాడు తప్ప విస్కీ ఎరగడు. వాడికి వరసగా పాములే పడ్డాయి. నిచ్చెన ఎక్కినవాళ్ళం కూడా సరదాకి వాడికే తాగించాం. గంటలోపు ఎనిమిది పెగ్గులు అయ్యాయి. సాయంత్రం నుంచి వాడు ఏమీ తినలేదు. జలుబు చేసిందని ఒక మాత్ర మాత్రం వేసుకున్నాడు. ఆట మధ్యలోనే ఒరిగిపోయాడు. తలమీద చన్నీళ్ళు పోశాం. నిమ్మరసం పట్టాం. కాఫీ కూడా తాగించబోయాం. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టాం. గురక పెడుతున్నాడు గదా, నిద్రపోతున్నాడులే అనుకుని మిగతావాళ్ళం ఆట పూర్తిచేశాం. రాత్రి రెండింటికి చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది, పెదవులు నల్లబడ్డాయి, నోటినిండా వాంతి. ఆస్పత్రిలో వారం రోజులు ఉన్నాడు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. దేవుడి దయవల్ల బతికాడు. ఎనిమిది చిన్న పెగ్గులు ఒక్కరాత్రిలో తాగినవాళ్ళం మాలో ఉన్నాం, మాకేమీ కాలేదు. వాడికే ఎందుకిలా జరిగింది? మేము చేసినదాంట్లో తప్పేమిటి?"

దాపరికం లేకుండా రాసినందుకు ఈ అబ్బాయిని మెచ్చుకోవాలి. అడిగిన రెండు ప్రశ్నలూ మంచివే. ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం.

ఆట మారితే ఏమవుతుంది?

వైకుంఠపాళి మన ఆట. పరమపద సోపాన పటమని దీనికి ఇంకో పేరు. శివరాత్రి జాగారానికి నిద్ర రాకుండా పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని ఆడుకునేవారు. నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. పాత పటాలు కొన్నింటిలో తాగుడు కూడా ఒక పామే. ఇదే ఆట 19వ శతాబ్దం చివరలో ఇంగ్లండు చేరి, పాపపుణ్యాలను వదిలించుకుని, 100 గళ్ళ పాములు-నిచ్చెనల ఆట అయింది. అమెరికాలో 1943లో పాములను కూడా తీసేసి, జారుడుబల్లలు పెట్టి పిల్లలకోసం అమ్మారు. ఇప్పుడు మళ్ళీ పెద్దల చేతికి వచ్చింది. పాము దగ్గర గ్లాసు పెట్టారు! చదరంగంలో బంట్లకు బదులు చిన్నచిన్న గాజు గ్లాసులు అమర్చిన పటాలు కానుకలు అమ్మే దుకాణాల్లో దొరుకుతున్నాయి.

మనిషి మామూలుగా తాగేటప్పుడు ఎంత చెడ్డ అలవాటుదారుకైనా ఒక అదుపు ఉంటుంది. కడుపు తిప్పితే ఆగుతాడు. తల తిరిగితే గ్లాసు పక్కన పెడతాడు. మాటల్లో పడి పది నిమిషాలు మరచిపోతాడు. ఆటలో ఈ అదుపు పోతుంది. ఎప్పుడు తాగాలో, ఎంత తాగాలో పాచిక చెబుతుంది. వద్దు అంటే ఆట చెడగొట్టినవాడవుతాడు. నలుగురూ నవ్వుతారు. పాచికకు ఎదుటివాడి బరువు తెలియదు. అన్నం తిన్నాడో లేదో తెలియదు. ఇంతకు ముందు పడ్డ పెగ్గు ఇంకా కడుపులోనే ఉందని అసలే తెలియదు.

చదరంగం, పచ్చీసు వంటి తెలివి అవసరమైన ఆటల్లో ఇంకొక చిక్కు ఉంది. తాగినవాడికి బుద్ధి మందగిస్తుంది. బుద్ధి మందగిస్తే ఓడతాడు. ఓడితే మళ్ళీ తాగాలి. మాటవరసకి చదరంగంలో పోయిన ప్రతి పావుకీ ఒక చిన్న పెగ్గు అనుకోండి. రాజు కాక పావులు 15. అన్నీ పోగొట్టుకున్నవాడు 450 మిల్లీలీటర్లు తాగాలి. 60 కిలోల మగవాడు గంటసేపట్లో అంత విస్కీ తాగితే ప్రాణం పోవచ్చు.

శరీరం లెక్క

ఎనిమిది పెగ్గులు ఒకడిని పడగొట్టి, ఇంకొకడిని ఏమీ చేయకపోవడానికి కారణం ఏమిటో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. విసుగుపడకండి. ఇది చిన్నపిల్లల కూడికలు, తీసివేతలంత సులువైనది.

మన విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు అని ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో అది ఇంచుమించు 10 గ్రాములు. ఇక "బీరే కదా" అని తేలిగ్గా తీసేసేవారు ఒక్క మాట వినాలి. 8 శాతం ఘాటు బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాలు 41 గ్రాములు, అంటే నాలుగు చిన్న పెగ్గులకు సమానం. నురుగు కనబడినంత మాత్రాన అది షోడా కాదు.

తాగిన మద్యం జీర్ణకోశం నుంచి, ముఖ్యంగా చిన్న ప్రేగు నుంచి, రక్తంలోకి పోతుంది. దాన్ని విరిచే పని కాలేయానిది. కాలేయం తొందరపడదు. సుమారుగా గంటకు ఒక చిన్న పెగ్గు, అంతే. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, పరుగెత్తినా ఆ వేగం పెరగదు. టిక్కెట్ల కిటికీ దగ్గర ఒక్కడే గుమాస్తా ఉన్నట్టు అనుకోండి. గంటకు ఒక్కరు వస్తే ఇబ్బంది లేదు. ఎనిమిది మంది ఒకేసారి మీద పడితే ఏడుగురు బయట నిలబడవలసిందే. ఇక్కడ నిలబడేది రక్తంలో. రక్తం ద్వారా మెదడులో.

రక్తంలో ఆల్కహాలును 100 మిల్లీలీటర్లకు ఇన్ని మిల్లీగ్రాములు అని కొలుస్తారు. ఈ ఉత్తరంలోని కుర్రవాడు 50 కిలోలు ఉంటాడనుకుందాం. ఎనిమిది పెగ్గులంటే 80 గ్రాములు. అది మగవాడి శరీరంలో బరువుకు 10లో 7 వంతుల మేర పరుచుకుంటుంది. ఆ లెక్కన రక్తంలో 230 దాకా రావాలి. కాలేయం గంటకు తగ్గించేది 15 మాత్రమే. అంటే గంట చివర కూడా 200 పైనే ఉంది.

అవే ఎనిమిది పెగ్గులు అదే కుర్రవాడు, అన్నం తిని, ఆరు గంటలసేపు తాగి ఉంటే? ఆరు గంటల్లో కాలేయం 90 తీసేసి ఉండేది. 140 దగ్గర ఉండేవాడు. అది కూడా మంచిదని నేననను. తూలేవాడు, వాంతి చేసుకునేవాడు. కాని స్పృహ తప్పే ప్రమాదం చాలా తక్కువగా ఉండేది. "మేమూ అంతే తాగాం, మాకేమీ కాలేదు" అన్న మాటకు జవాబు ఇదే. సీసా కొలత ఒకటే. గడియారం వేరు.

ఈ అంకెల అర్థం కూడా చెబుతాను. అలవాటు లేనివాడికి 50 దగ్గర హుషారు, వాగుడు మొదలవుతాయి. మంచీచెడూ తూచే శక్తి అప్పటికే సడలుతుంది. 100 దాటితే నడక తూలుతుంది. 200 దాటితే తికమక, వాంతులు, మగత. 300 దాటితే పిలిచినా పలకని మత్తు. 400కు అటూఇటూగా ఊపిరి ఆగిపోవచ్చు. మనుషుల మధ్య తేడాలు ఉంటాయి. కొందరికి ఇంతకంటె తక్కువలోనే ముప్పు వస్తుంది.

స్త్రీల శరీరంలో నీటి పాలు తక్కువ గనుక, అదే బరువున్న మగవాడితో సమానంగా తాగినా వారి రక్తంలో అంకె ఎక్కువ పలుకుతుంది. "ఆటకోసం ఒక్కటి" అని కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లలను బలవంతపెట్టే భర్తలూ, వారి స్నేహితులూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఆఖరి పెగ్గు తాగిన తర్వాత కూడా రక్తంలో ఆల్కహాలు అరగంట నుంచి గంటన్నర దాకా పెరుగుతూనే పోవచ్చు. కడుపులో ఉన్నది ఇంకా ఎక్కవలసి ఉంది మరి. "పడుకున్నాడు, ఇక దిగిపోతుంది" అనుకునే సమయానికి అసలు పోటు ఇంకా రాలేదన్నమాట. ఖాళీ కడుపున తాగితే అది మరీ త్వరగా వస్తుంది.

స్నేహితులు చేసిన పనులు

ఈ పిల్లలకు స్నేహితుడి మీద ప్రేమ లేక కాదు. తెలియక చేశారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కూడా ఇవే చేస్తారు కాబట్టి వివరంగా చెబుతున్నాను.

తలమీద చన్నీళ్ళు పోయడం: మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది గాని లోపలి వేడి బయటకు పోతూ ఉంటుంది. దాని మీద చన్నీళ్ళు పోసి, తడిబట్టలతో వదిలేస్తే ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడుతుంది. తడి తుడిచి దుప్పటి కప్పాలి.

నిమ్మరసం, మజ్జిగ, కాఫీ పట్టడం: ఇవేవీ మద్యానికి విరుగుడు కావు. మత్తులో ఉన్నవాడికి మింగే శక్తి సరిగా ఉండదు. మనం మామూలుగా ఉన్నప్పుడు ఒక్క చుక్క దారితప్పితే పొలమారి దగ్గుతాం. మత్తు ఎక్కువైనవాడికి ఆ దగ్గు కూడా రాదు. పట్టింది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సగం స్పృహలో ఉన్నవాడి నోట్లో మంచినీళ్ళు కూడా పోయరాదు.

ఉప్పునీళ్ళు పట్టో, గొంతులో వేలు పెట్టో కక్కించడం: వీరు చేయలేదు. మరి కొందరు చేస్తారు. ప్రమాదం అదే. ఎక్కిన మత్తు కక్కితే దిగదు.

వెల్లకిలా పడుకోబెట్టడం: అన్నిటికంటె పెద్ద పొరపాటు ఇదే. వెల్లకిలా ఉన్నవాడి నాలుక వెనక్కి జారి గాలిదారిని సగం మూస్తుంది. వాంతి వస్తే బయటకు పోయే దారి ఉండదు.

గురకను నిద్ర అనుకోవడం: తట్టిలేపితే కళ్ళు తెరిచి, తిట్టి, అటు తిరిగి పడుకునేవాడిది నిద్ర. గిల్లినా కదలనివాడిది స్పృహ లేని స్థితి. అప్పుడు వినబడే గుర్రుగుర్రు చప్పుడు గాలిదారి మూసుకుపోతోందని హెచ్చరిక.

ఒంటరిగా వదిలి ఆటలో పడడం: దీనికి వేరే వివరణ అక్కరలేదు.

జలుబు మాత్ర సంగతి కూడా ఉంది. జలుబుకీ, దురదలకీ వాడే మాత్రలు చాలావాటికి నిద్రమత్తు తెచ్చే గుణం ఉంటుంది. మద్యంతో కలిస్తే ఒకటీ ఒకటీ రెండు కాక మూడవుతుంది.

మీరు చేయవలసింది

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. అన్నీ కనబడేదాకా కాచుకోవద్దు.

గట్టిగా పిలిచి, భుజం తట్టి, గిల్లినా లేవకపోవడం.
నిమిషానికి ఎనిమిది కంటె తక్కువ సార్లు ఊపిరి తీయడం, లేదా ఒక ఊపిరికీ ఇంకొక ఊపిరికీ మధ్య పది సెకండ్లకు మించి ఎడం ఉండడం.
పెదవులు, గోళ్ళు నీలంగా మారడం, ఒళ్ళు చల్లగా జిగటగా ఉండడం.
మత్తులో ఉండగానే వాంతి చేసుకోవడం.
ఫిట్స్ రావడం.
పడిపోయినప్పుడు తలకు దెబ్బ తగలడం.

ఆఖరిదాని గురించి ఒక్క మాట. తాగి మెట్లమీద పడ్డవాడి పుర్రెలో రక్తస్రావం అవుతుంటే, చూసేవాళ్ళు "తాగిన మత్తు" అనుకుంటారు. రెండూ పైకి ఒకలాగే ఉంటాయి. తేల్చవలసింది ఆస్పత్రిలో.

బండి వచ్చేలోపు అతణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పైనున్న కాలును మోకాలి దగ్గర మడిచి ముందుకు పెడితే మళ్ళీ బోర్లా గాని వెల్లకిలా గాని దొర్లడు. పైచేతిని మడిచి అరచెయ్యి బుగ్గ కింద ఉంచండి. తల కొంచెం వెనక్కి వంచి, నోరు నేలవైపు ఉండేట్టు చూడండి. వాంతి వస్తే తనంతట తానే కారిపోతుంది. మెడ దగ్గర, నడుం దగ్గర బట్టలు వదులు చేయండి. ఒకరు పక్కనే కూర్చుని ఊపిరి చూస్తూ ఉండాలి.

ఊపిరి పూర్తిగా ఆగితే వెల్లకిలా తిప్పి, రొమ్ము నడుమ రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున, రెండంగుళాల లోతుకు గట్టిగా నొక్కుతూ, సహాయం వచ్చేదాకా ఆపకుండా ఉండాలి.

ఆస్పత్రికి వచ్చాక డాక్టరుకు నిజం చెప్పండి. ఏం తాగాడు, ఎంత, ఎంతసేపట్లో, వేరే మాత్రలేమన్నా వేసుకున్నాడా అన్నవి ముఖ్యం. వీలైతే సీసా కూడా తీసుకురండి. తల్లిదండ్రులకు తెలుస్తుందనో, కాలేజీలో పరువు పోతుందనో గంటా రెండు గంటలు దాచిపెట్టేవాళ్ళను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. ఆ గంటే ప్రాణానికీ మరణానికీ మధ్య ఉండే గంట. అలాగే, తాగిన తర్వాత చూపు మసకబారినా, మంచు కమ్మినట్టు కనిపించినా కల్తీ మద్యమేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా పెద్ద ఆస్పత్రికి పోవాలి.

ఈ ఆట దగ్గర అసలే కూర్చోకూడనివారు

మధుమేహానికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు: కాలేయం మద్యాన్ని విరిచే పనిలో పడితే రక్తానికి చక్కెర అందించే పని కుంటుపడుతుంది. ఖాళీ కడుపున తాగితే చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. చెమటలు, తికమక, స్పృహ తప్పడం వస్తాయి. చూసేవాళ్ళు వీటినీ తాగిన మత్తే అనుకుంటారు.

నిద్రమాత్రలు, ఫిట్స్ మాత్రలు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు: రెండు మత్తులూ కలిసి ఊపిరిని అణిచివేస్తాయి.

కామెర్లు వచ్చి తగ్గినవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు: వీరికి ఒక్క పెగ్గు కూడా వద్దు.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవారు: కొందరు ఇల్లాళ్ళు ఇవి భర్తకు తెలియకుండా కూరలోనో, పెరుగులోనో కలుపుతారు. అలా ఎన్నడూ చేయకండి. సంగతి తెలియని ఆ మనిషి స్నేహితుల మధ్య పందానికి కూర్చుని నాలుగు పెగ్గులు తాగితే గుండెదడ, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. ఆ మందు డాక్టరు పర్యవేక్షణలో, రోగికి చెప్పి, అతని ఇష్టంతోనే ఇవ్వాలి.

తాగిన మర్నాడు తలనొప్పికి మందు వేసుకునేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం తేవచ్చు. పారసిటమాల్ అతిగా వేసుకుంటే అప్పటికే అలసిన కాలేయానికి హాని. మంచినీళ్ళు, తేలికపాటి భోజనం, విశ్రాంతి చాలు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే

కొత్త సంవత్సరం రాత్రి, పండుగ సెలవుల్లో ఇళ్ళలోనే ఇటువంటి ఆటలు ఆడడం ఇప్పుడు కొన్నిచోట్ల కనిపిస్తున్నది. పెద్దలు అర్ధరాత్రి దాకా ఆడి పటం, గ్లాసులు అక్కడే వదిలి పడుకుంటారు. ఇంట్లో అందరికంటె ముందు లేచేది పసివాడు. వాడికి ఆ పటం తనది. పాచికలు తనవి. పక్కనున్న రంగునీళ్ళు కూల్‌డ్రింకు.

ఇక్కడ కూడా అదే లెక్క వేయండి. 10 కిలోల బిడ్డ గ్లాసు అడుగున మిగిలిన 30 మిల్లీలీటర్ల విస్కీ తాగితే రక్తంలో 140 దాకా వస్తుంది. పెద్దవాడైతే తూలే స్థాయి. కాని పసివాడికి ఇంకా పెద్ద ప్రమాదం చక్కెర పడిపోవడం. రాత్రంతా ఏమీ తినని బిడ్డకు అది త్వరగా వచ్చి ఫిట్స్ పుట్టించగలదు. బిడ్డ మద్యం మింగినట్టు అనుమానం వచ్చినా సరే, ఆడుకుంటున్నాడు కదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. పడుకునే ముందు గ్లాసులు కడిగి, సీసాలు అందని చోట పెట్టి తాళం వేయడం అయిదు నిమిషాల పని.

తెల్లవారితే దిగిపోయినట్టేనా?

కాదు. మన ఉత్తరంలోని కుర్రవాడి లెక్కే తీసుకోండి. రక్తంలో 230 ఉన్నది గంటకు 15 చొప్పున దిగితే 30కి రావడానికి 13 గంటలకు పైగా పడుతుంది. రాత్రి పదింటికి ఆట ముగిస్తే మర్నాడు పగలు పదకొండు దాటినా అతను స్కూటరు నడపడానికి పనికిరాడు. మోటారు వాహనాల చట్టం ప్రకారం వాహనం నడిపేవాడి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించితే నేరం. 2019లో చట్టం సవరించిన తర్వాత మొదటిసారి పట్టుబడితేనే పది వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కట్టుకోవచ్చు. ఎదురుగా వచ్చినవాడి కాలు తిరిగి తేలేం.

తల్లిదండ్రులకు

ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదని నిబంధన ఉంది. అయినా కాలేజీ పిల్లలకు సీసా దొరుకుతూనే ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి "మావాడు అలాంటివాడు కాడు" అని కళ్ళు మూసుకోవడం కంటె, ఈ లెక్క వాడికి కూర్చోబెట్టి చెప్పడం మంచిది. తిట్టకుండా చెప్పండి. మరీ ముఖ్యంగా ఒక మాట ఇవ్వండి: "ఎప్పుడైనా నీకు గాని, నీ స్నేహితుడికి గాని ఇలా జరిగితే అర్ధరాత్రయినా సరే మాకు ఫోన్ చెయ్యి. ముందు ఆస్పత్రి, మాటలు తర్వాత." పిల్లవాడు భయపడి దాచేది పోలీసుల నుంచి కాదు, మన నుంచి.

కొంచెం తాగితే గుండెకు మంచిదట కదా అని కొందరు పాఠకులు తరచు రాస్తుంటారు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. మద్యం కాన్సరు కారకాల జాబితాలో 1988 నుంచే ఉంది. తాగడం మానలేకపోతున్నవారు, వారి ఇంటివారు 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

ఇక కుర్రవాళ్ళకు. ఎవడైనా "నాకు చాలు" అన్నప్పుడు రెండోసారి అడగకండి. ఆ మాట చెప్పగలిగిన స్థితిలో వాడు ఉన్నంతవరకే మీరంతా క్షేమం. ఆటలో పందెం లేకపోతే రుచి ఉండదంటారా? పాము మింగినవాడు పాట పాడాలనండి, గిన్నెలు తోమాలనండి, మర్నాడు అందరికీ టిఫిను పెట్టించాలనండి. మద్యానికి బదులు మంచినీళ్ళు పోటీపడి తాగడం మాత్రం పెట్టుకోకండి. తక్కువ సమయంలో లీటర్లకొద్దీ నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి మెదడు వాస్తుంది. దానివల్ల చనిపోయినవారూ ఉన్నారు.

ఉత్తరం రాసిన అబ్బాయికి చివరగా ఒక సూచన. ఊపిరితిత్తుల్లోకి వాంతి పోయిన మీ స్నేహితుడికి తర్వాత కొన్ని వారాలలో జ్వరం, దుర్వాసనతో కూడిన కఫం, రొమ్ములో నొప్పి, ఆయాసం ఏవి కనిపించినా వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఆస్పత్రివారు మళ్ళీ రమ్మన్న తేదీకి తప్పక తీసుకువెళ్ళండి. ఈసారి వాడి పక్కన మీరు నలుగురూ కూర్చోండి.